కుదురు లేని కుండ: వేట రైఫిల్‌కు బెడ్డింగ్, ఫ్రీ ఫ్లోట్ ఎలా చేయాలి

వంద గజాల దగ్గర మొదటి మూడు తూటాలూ అంగుళంలోపే పడతాయి. బ్యారెల్ వేడెక్కాక నాలుగోది కాస్త పైన, అయిదోది ఇంకాస్త పైన. లేదా నిరుడు నవంబరులో జీరో చేసి (గురి చూసిన చోటే తూటా పడేలా స్కోపు సరిచేసి) దాచిన రైఫిల్‌ను ఈ ఏడు తీసి చూస్తే రెండంగుళాలు ఎడమకు కొడుతుంది. స్కోపు మీదికి అనుమానం పోవడం సహజం. కానీ చాలాసార్లు గొడవంతా కింద, ఉక్కుకూ కొయ్యకూ మధ్య ఉంటుంది.

గట్టి నేల మీద కుండను కుదురు లేకుండా పెడితే ఏ వైపు తాకినా ఆ వైపే ఒరుగుతుంది. స్టాక్‌లో, అంటే రైఫిల్ కొయ్య ఒంట్లో, యాక్షన్ (తూటాను ఎక్కించి కాల్చే ఉక్కు భాగం) పరిస్థితీ అదే. ఫ్యాక్టరీ మర తొలిచిన గాడిలో అది రెండు మూడు చోట్ల మాత్రమే ఆనుతుంది. స్క్రూలు బిగిస్తే ఆ మిట్టపల్లాల మీద విల్లులా వంగుతుంది, కాల్చిన ప్రతిసారీ కాస్త జరిగి కొత్త చోట కూర్చుంటుంది. బెడ్డింగ్ అంటే యాక్షన్ ఒంటికి సరిపడే కుదురును ఎపాక్సీతో పోసుకోవడం. ఫ్రీ ఫ్లోట్ అంటే రికాయిల్ లగ్ (కాల్చినప్పటి తోపును స్టాక్‌కు అందించే ఉక్కు బిళ్ల) నుంచి ముందుకు బ్యారెల్ ఎక్కడా కొయ్యకు తగలకుండా సందు తీయడం. వానాకాలంలో తలుపు ఉబ్బి గుమ్మానికి పట్టేస్తుంది చూశారా, వాల్‌నట్ స్టాక్‌దీ ఆ జాతే. హ్యూస్టన్ తేమకు ఒక కొలత, పశ్చిమ టెక్సస్ ఎండకు ఇంకో కొలత. అది బ్యారెల్‌ను తోసే తీరు మారినప్పుడల్లా తూటా పడే చోటూ మారుతుంది.

ఇక్కడ ఉదాహరణకు తీసుకున్నది రెమింగ్టన్ 700 బీడీఎల్: .308 క్యాలిబర్, సన్న బ్యారెల్, వాల్‌నట్ స్టాక్. 1962లో వచ్చిన ఈ మోడల్ అమెరికాలో డీర్ వేటగాళ్ల ఇళ్లలో ఇప్పటికీ బోలెడు కనిపిస్తుంది. గుండ్రటి రిసీవర్ (యాక్షన్ బయటి గొట్టం), దానికీ బ్యారెల్‌కూ మధ్య బిళ్లలా ఇరికించిన విడి రికాయిల్ లగ్, రెండే యాక్షన్ స్క్రూలు. మొదటిసారి చేసేవాళ్లకు ఇంతకంటే అనువైనది దొరకడం కష్టం.

చట్టం సంగతి రెండు ముక్కలు. హెచ్-1బీ లాంటి వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర పెట్టుకోవడాన్ని అమెరికా ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు చేతిలో ఉండడం లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. స్నేహితుడి రైఫిలే కదా అని చేయి వేసే ముందు ఇది తేల్చుకోండి. ఇండియాలో వేటను 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఆపేసింది, తుపాకుల మరమ్మతుకు 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు కావాలి. అక్కడి టార్గెట్ షూటర్లు ఈ పనిని లైసెన్సున్న మిస్త్రీకే అప్పగించాలి.

ముందు రోగం తేల్చుకోండి

స్కోపు బేస్ స్క్రూలు, రింగ్ స్క్రూలు వదులుగా ఉన్నాయేమో చూడండి. బ్యారెల్ మూతి అంచున గీత, సొట్ట ఉన్నాయేమో చూడండి. లోపల పేరుకున్న రాగి శుభ్రంగా తీయండి. ఒకే లాట్ (ఒకే విడతలో తయారైన) తూటాలతో అయిదేసి చొప్పున మూడు గ్రూపులు కాల్చి ఆ కాగితాలు దాచుకోండి. పని అయ్యాక పోల్చుకోవడానికి అవే సాక్ష్యం. మూడు తూటాల గ్రూపును నమ్మకండి, అది అదృష్టానికీ నైపుణ్యానికీ తేడా చెప్పదు.

తర్వాత ఇంట్లోనే ఒక పరీక్ష. మ్యాగజీన్ ఖాళీ చేసి, చాంబర్‌లో (తూటా కూర్చునే చోట) వేలు పెట్టి చూసి, బోల్ట్ (తూటాను లోపలికి నెట్టి మూసే కడ్డీ) తీసేయండి. రైఫిల్‌ను నిటారుగా నిలబెట్టి, బ్యారెల్‌నూ స్టాక్ ముందు కొసనూ కలిపి ఒక చేత్తో పట్టుకోండి, వేలి కొనలు ఆ రెండూ కలిసే చోట ఉండాలి. ఇంకో చేత్తో ముందు యాక్షన్ స్క్రూ వదులు చేయండి. బ్యారెల్ కొయ్య నుంచి దూరంగా జరిగినట్టు వేళ్లకు తెలిస్తే యాక్షన్ వంగి కూర్చుందని అర్థం. డయల్ ఇండికేటర్ (వెంట్రుకవాసి కదలికనూ కొలిచే పరికరం) ఉంటే లెక్క తేలిపోతుంది. 0.002 అంగుళం దాకా ఫరవాలేదు, 0.005 దాటితే బెడ్డింగ్ తప్పదు.

కావలసినవి

బెడ్డింగ్‌కు డెవ్‌కాన్ 10110 ప్లాస్టిక్ స్టీల్ పుట్టీ, లేదా బ్రౌనెల్స్ వారి ఆక్రాగ్లాస్ జెల్. డెవ్‌కాన్ గట్టిది, కుంగదు, కానీ చిక్కగా ఉండి చేయి తిరగనివాళ్లను కాస్త ఏడిపిస్తుంది. జెల్ సులువుగా పరుచుకుంటుంది, రంగు కలిపితే వాల్‌నట్‌లో కలిసిపోతుంది. హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే అయిదు నిమిషాల ఎపాక్సీ మాత్రం వద్దు. అది మీరు యాక్షన్ సర్దేలోపే పట్టేస్తుంది, పైగా వేడికి మెత్తబడుతుంది.

ఇవి కాక: రంగులేని కివీ షూ పాలిష్ (ఎపాక్సీ ఉక్కుకు అంటకుండా), పిల్లలు ఆడుకునే మోడలింగ్ క్లే, ఇన్సులేషన్ టేపు, మాస్కింగ్ టేపు, 80 నంబరు సాండ్‌పేపరు, సన్న ఉలి, అసిటోన్, గ్రాముల్లో తూచే చిన్న త్రాసు, ఇంచ్-పౌండ్ల టార్క్ రెంచ్ (స్క్రూ బిగువును కొలిచేది), యాక్షన్‌ను నేరుగా దించడానికి 1/4-28 మర ఉన్న తల లేని గైడ్ స్క్రూలు రెండు, నైట్రైల్ గ్లవ్స్, ధూళి మాస్కు.

బ్యారెల్ గాడి

స్క్రూలు విప్పి యాక్షన్‌ను నేరుగా పైకి ఎత్తండి. గాడిలో ఎక్కడెక్కడ నల్లగా నిగనిగలాడుతోందో చూడండి, ఉక్కు రాసుకున్న చోట్లు అవే. గాడి కొస దగ్గర రెండు మిట్టలు కనిపిస్తే అవి తయారీ లోపం కాదు. సన్న బ్యారెల్‌ను కింది నుంచి నొక్కి పట్టడానికి రెమింగ్టన్ కావాలని వదిలినవి. కొన్ని బ్యారెళ్లకు అది నిజంగా పనిచేస్తుంది. అందుకే గీకేసే ముందు వాటి ఎత్తు రాసి పెట్టుకోండి, చివర్లో అవసరం పడవచ్చు.

బ్యారెల్ సన్నబడుతూ పోతుంది కాబట్టి ఒకే కర్ర సరిపోదు. నట్లు విప్పే పొడుగు సాకెట్లు రెండు మూడు సైజులవి తీసుకుని 80 నంబరు సాండ్‌పేపరు చుట్టండి. గాడి పొడవునా నిండు వరసలో రుద్దండి, ఒకేచోట నిలబడి రుద్దితే గుంట పడి పైనుంచి అలలా కనిపిస్తుంది. పది వరసలకోసారి యాక్షన్ పెట్టి చూడండి. అంచులు రెండు వైపులా సమంగా రావాలి, తూటాకు పట్టింపు లేకపోయినా కంటికి ఉంటుంది.

సందు ఎంత? డాలరు నోటు దూరితే చాలని చాలామంది చెబుతారు. నోటు మందం 0.11 మిల్లీమీటరే. బల్ల మీద దూరుతుంది, బైపాడ్ (రెండు కాళ్ల ఊత) మీద బరువేసినా స్లింగ్ (భుజాన వేసుకునే పట్టీ) లాగినా కొయ్య మళ్లీ తగులుతుంది. వాల్‌నట్‌కు 1 నుంచి 1.5 మిల్లీమీటర్ల సందు ఉంచండి, అంటే మూడు నాలుగు విజిటింగ్ కార్డులు కలిపి సాఫీగా జారాలి. పోత ప్లాస్టిక్ స్టాకులు ఇంకా ఎక్కువ వంగుతాయి, వాటికి 2 మిల్లీమీటర్లు. స్లింగ్ తగిలించే ముందు వైపు స్టడ్ (బొడిపె) కొన గాడి అడుగున పొడుచుకు వచ్చిందేమో చూడటం మరచిపోకండి. కొయ్యంతా తీసి, ఆ ఉక్కు ముక్కను బ్యారెల్‌కు తగలనిచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు.

రుద్దిన కొయ్య నోరు తెరిచి ఉంటుంది. పాలియురెథేన్ రెండు పూతలు వేసి తేమకు దారి మూసేయండి. ఇది మానేస్తే ఒక్క వాన సీజన్‌లో చేసిన పనంతా వాపులో పోతుంది.

యాక్షన్ గాడి తొలవడం

రికాయిల్ లగ్ వెనక, రిసీవర్ రింగు కింద, వెనక టాంగ్ (రిసీవర్ తోక) చుట్టూ 1.5 నుంచి 2 మిల్లీమీటర్ల కొయ్య తీయండి. అంతా తీసేయకూడదు. ముందు స్క్రూ రంధ్రం వెనక ఒకచోట, టాంగ్ కింద ఇంకోచోట గోరంత పాత కొయ్యను ద్వీపంలా వదలండి, యాక్షన్ పాత ఎత్తులోనే నిలబడటానికి అవే ఆధారం. పై అంచు వెంబడి 2 మిల్లీమీటర్ల కొయ్య తాకకుండా ఉంచితే ఎపాక్సీ గీత బయటికి కనబడదు. తొలిచిన చోట గరుకు చేసి, లోతు తక్కువ రంధ్రాలు నాలుగైదు వేయండి, ఎపాక్సీకి వేళ్లూనుకోవడానికి పట్టు దొరుకుతుంది. ఆఖరున అసిటోన్‌తో తుడవండి. పాత తుపాకుల్లో టాంగ్ దగ్గర కొయ్య దశాబ్దాల నూనె తాగి ఉంటుంది. దూదికి మరక అంటినంతకాలం తుడుస్తూనే ఉండాలి, నూనె మీద ఏ ఎపాక్సీ నిలవదు.

స్క్రూ రంధ్రాల్లో అల్యూమినియం పిల్లర్లు (చిన్న గొట్టాలు) వేయడం ఐచ్ఛికం, కానీ కొయ్య స్టాక్‌కు వేసుకోవడమే మేలు. స్క్రూ బిగించిన కొద్దీ కొయ్య నలిగి కుంగుతుంది, టార్క్ నెలనెలా తగ్గిపోతుంది. పిల్లర్ ఉంటే ఉక్కు మీద లోహమే ఆనుతుంది. స్క్రూ రంధ్రాన్ని పిల్లర్ సైజుకు డ్రిల్ ప్రెస్ మీద నిటారుగా పెంచి, పై అంచు రిసీవర్ వంపుకు కలిసేలా, కింది అంచు ట్రిగ్గర్ గార్డు ఆనే మట్టానికి సమంగా ఉండేలా కత్తిరించి ముందుగానే అతికించుకోండి. చేతి డ్రిల్‌తో చేస్తే రంధ్రం పక్కకు పోతుంది, ఆ తర్వాత స్క్రూ పిల్లర్‌ను రాసుకుంటుంది.

పూత, క్లే, టేపు

ఈ పనిలో కొంప ముంచేది ఈ అంచెనే. ఎపాక్సీ ఏ చిన్న గుంటలో దూరి గట్టిపడినా, యాక్షన్ తాళం వేసినట్టు స్టాక్‌లో ఇరుక్కుపోతుంది.

ట్రిగ్గర్‌ను పట్టి ఉంచే రెండు పిన్నులు తీసి దాన్ని పక్కన పెట్టండి. తీయడం చేతకాకపోతే టేపుతో, క్లేతో పూర్తిగా మూసేయండి. దాని సర్దుబాటు స్క్రూలు మాత్రం ముట్టుకోవద్దు. పిన్ను రంధ్రాలు, బోల్ట్ స్టాప్ గాడి, స్క్రూ రంధ్రాలు, మ్యాగజీన్ చోటు, రిసీవర్ అడుగున ఉన్న ప్రతి పల్లం క్లేతో నింపి, బ్లేడుతో మట్టానికి గీయండి. స్టాక్ వైపు కూడా మ్యాగజీన్, ట్రిగ్గర్ ఖాళీల నోళ్లకు క్లే గోడ కట్టండి.

రికాయిల్ లగ్ ముందు ముఖం, రెండు పక్కలు, అడుగు: వీటికి ఇన్సులేషన్ టేపు ఒక పొర. వెనక ముఖానికి టేపు వేయకూడదు. కాల్చినప్పుడు వచ్చే తోపునంతా మోసేది ఆ ముఖమే, అది ఎపాక్సీని నిండుగా ఆనాలి. మిగతా వైపులా టేపు మందం అంత ఖాళీ ఉంటేనే యాక్షన్ తీసి పెట్టడానికి వీలవుతుంది. అడుగున ఖాళీ లేకపోతే లగ్ కుండ అడుగులా నేలకు ఆని, రిసీవర్ పైకి తేలిపోతుంది.

తర్వాత ఎపాక్సీ తగలగల ప్రతి ఉక్కు ముక్కకూ షూ పాలిష్ పలచగా రాసి, ఆరనిచ్చి, మెరిసేదాకా తుడిచి, మళ్లీ ఒక పూత. గైడ్ స్క్రూల మరలకూ అంతే. మందంగా పూస్తే ఆ గీతలన్నీ కుదురులో అచ్చు పడతాయి.

చివరగా, స్టాక్ కొసకు అంగుళం వెనక బ్యారెల్‌కు మాస్కింగ్ టేపు చుట్టండి. గాడి మధ్యలో బ్యారెల్ సరిగ్గా నిలిచేన్ని చుట్లు, ఒక్కటి కూడా ఎక్కువ వద్దు. ఎపాక్సీ లేకుండా ఒకసారి పూర్తిగా కూర్చోబెట్టి చూడండి. ముందు టేపు మీద, వెనక కొయ్య ద్వీపాల మీద, ఎక్కడా నొక్కకుండా తనంతట తానుగా నిలబడాలి.

కలపడం, పోయడం

డెవ్‌కాన్ 10110కు తూకంలో 9 పాళ్ల రెసిన్‌కు 1 పాలు హార్డెనర్. 45 గ్రాములకు 5 గ్రాములు కలిపితే ఈ రైఫిల్‌కు సరిపోయి మిగులుతుంది. ఆక్రాగ్లాస్ జెల్ అయితే పరిమాణంలో సగం సగం. త్వరగా గట్టిపడుతుందని హార్డెనర్ చారెడు ఎక్కువ వేయడం పెరుగు తోడుకు పనికొస్తుందేమో కానీ ఇక్కడ పనికిరాదు. నిష్పత్తి తప్పితే అది ఎప్పటికీ జిగురుగానే ఉండిపోతుంది. గిన్నె అంచులు గీకుతూ నాలుగైదు నిమిషాలు, రంగులో ఒక్క చార కూడా లేకుండా కలపండి. గది వేడి 24 డిగ్రీల దగ్గర ఉంటే చేతిలో 45 నిమిషాలు ఉన్నట్టు.

ముందుగా లగ్ గుంట మూలల్లోకి పుల్లతో కుక్కండి, గాలి అక్కడే చిక్కుకుంటుంది. లగ్ వెనక గోడకు, రిసీవర్ కింద, టాంగ్ చుట్టూ పరచండి. మధ్యలో గట్టులా కాస్త ఎత్తుగా వేస్తే దిగేటప్పుడు గాలిని పక్కలకు తోసుకుంటూ పోతుంది. లగ్ వెనక ముఖానికీ కొంచెం పూయండి.

గైడ్ స్క్రూలు బిగించిన యాక్షన్‌ను నేరుగా దించండి. టేపు, ద్వీపాలు ఆనేదాకా అరచేతులతో మెల్లగా ఒత్తండి, వెనక్కి ఒక్కసారి తోయండి. అంచుల వెంట ఎపాక్సీ ఉబికి రావాలి. రాని చోట లోపల ఖాళీ ఉన్నట్టే, అప్పుడే ఎత్తి ఇంకాస్త వేయండి. ఇప్పుడు యాక్షన్ స్క్రూలు బిగించాలన్న కోరిక పుడుతుంది. ఆపుకోండి. బిగించి వంచిన యాక్షన్ చుట్టూ ఎపాక్సీ గట్టిపడితే, ఆ వంపునే శాశ్వతం చేసినవాళ్లవుతారు. ఇన్సులేషన్ టేపు రెండు చుట్లు, జారిపోకుండా పట్టుకునేంత, చాలు.

ఉబికినది టూత్‌పేస్టులా చిక్కబడ్డాక దూది పుల్లలతో తీసేయండి. స్టాక్‌ను మట్టంగా స్టాండులో పెట్టి ఒక రోజంతా కదపకండి. డెవ్‌కాన్‌కు 16 గంటలు చాలంటారు, చలికాలం గ్యారేజీలో చాలదు. గిన్నెలో మిగిలిన ముద్దకు గోరు దిగకపోతేనే తీయండి.

విడదీయడం

గైడ్ స్క్రూలు తీసి, అసలు స్క్రూలను నాలుగైదు మరలు తిప్పి, తలల మీద ప్లాస్టిక్ సుత్తితో ముందొకటి వెనకొకటి తట్టండి. టక్కుమని చప్పుడుతో వదులుతుంది. బ్యారెల్ పట్టుకుని పక్కకు మెలిపెడితే లగ్ గుంట అంచు విరుగుతుంది. ఎంతకీ రాకపోతే మొత్తాన్ని కొన్ని గంటలు ఫ్రీజర్‌లో పెట్టండి. ఉక్కు ముడుచుకుని పట్టు వదులుతుంది.

టేపు, క్లే పీకేసి చూడండి. చదును మీద శనగగింజంత బుడగలు ఉంటే వదిలేయవచ్చు. లగ్ వెనక గోడలోనో ముందు స్క్రూ చుట్టూనో ఖాళీ ఉంటే గీకి, తుడిచి, మళ్లీ పలచగా పూసి కూర్చోబెట్టాలి. స్క్రూ రంధ్రాలను 5/16 అంగుళం డ్రిల్‌తో వదులు చేయండి. స్క్రూ పక్కలు ఎపాక్సీని తాకితే తోపు లగ్ మీద కాక స్క్రూల మీద పడుతుంది. మ్యాగజీన్ పెట్టె పైకీ కిందికీ కొద్దిగా, 0.8 మిల్లీమీటరు అంత ఆడాలి. రెమింగ్టన్ 700లో చక్కటి బెడ్డింగ్‌ను చెడగొట్టేది ఎక్కువగా ఈ పెట్టే. అది యాక్షన్‌కూ ట్రిగ్గర్ గార్డు ఉన్న అడుగు లోహానికీ మధ్య ఇరుక్కుంటే స్క్రూలు బిగించేది యాక్షన్‌ను కాదు, రేకును. బోల్ట్ పిడి కొయ్యకు తగలకూడదు.

బిగించే ముందు రైఫిల్‌ను మెత్తటి చాప మీద మడమ (భుజానికి ఆనే స్టాక్ వెనక కొస) ఆనించి ఒకసారి తట్టండి, లగ్ వెనక్కి ఆనుకుంటుంది. ముందు స్క్రూ, తర్వాత వెనకది, రెండు విడతల్లో బిగించండి. పిల్లర్లు లేని కొయ్యకు 40 ఇంచ్-పౌండ్లు, పిల్లర్లు ఉంటే 60 నుంచి 65. బోల్ట్ వేసి తిప్పండి. ముందెప్పుడూ లేని బిగువు తగిలితే ముందు స్క్రూ పొడవై బోల్ట్ లగ్‌ను గుచ్చుతోందని అర్థం, స్క్రూ కొన కాస్త అరగదీయండి. ఖాళీ తుపాకీతో సేఫ్టీని వేసి తీసి, బోల్ట్ గట్టిగా మూసి, మడమ నేలకు తట్టి, స్ట్రైకర్ (తూటాను పేల్చే సూది) తనంతట తాను పడటం లేదని పదిసార్లు నిర్ధారించుకోండి. మీ రైఫిల్‌లో 2006 మే 1 నుంచి 2014 ఏప్రిల్ 9 మధ్య తయారైన ఎక్స్-మార్క్ ప్రో ట్రిగ్గర్ ఉంటే, దాన్ని రెమింగ్టన్ 2014లో వెనక్కి పిలిచింది. ఆ సంగతి తేలకుండా తూటా వేయకండి.

మొదట్లో చేసిన వేలికొనల పరీక్ష మళ్లీ చేయండి. ఈసారి స్క్రూ వదిలినా ఏమీ కదలకూడదు.

మైదానంలో

కొత్తగా జీరో చేసి, అదే లాట్ తూటాలతో మళ్లీ మూడు గ్రూపులు కాల్చి పాత కాగితాల పక్కన పెట్టండి. గ్రూపు రెండు గుత్తులుగా చీలితే లగ్ గోడ సరిగా ఆనలేదు, లేదా స్క్రూ వదులు. వేడెక్కిన కొద్దీ తూటాలు ఒకే వైపు నడుస్తుంటే బ్యారెల్ ఎక్కడో ఇంకా తగులుతోంది. వేడి మీదే కార్డులు దూర్చి చూడండి, చల్లబడ్డాక చూస్తే సందు ఉన్నట్టే కనిపిస్తుంది.

అన్నీ సరిగా ఉన్నా, ఇదివరకటికంటే గ్రూపు పెద్దదైతే కంగారు పడకండి. సన్న బ్యారెళ్లలో కొన్నింటికి పూర్తి స్వేచ్ఛ గిట్టదు. స్టాక్ కొసకు అంగుళం వెనక, బ్యారెల్ కింద విజిటింగ్ కార్డు ముక్కలు ఒక్కొక్కటే పెంచుతూ కాల్చండి. గ్రూపు మళ్లీ ముడుచుకున్న మందం దొరికితే, అంతే ఎత్తున వేలిగోరంత ఎపాక్సీ దిండు అక్కడే పోయండి. అది బ్యారెల్‌ను పైకి అయిదు నుంచి ఎనిమిది పౌండ్ల బరువుతో తోసేలా ఉండాలి. ముందు రాసి పెట్టుకున్న ఆ ఫ్యాక్టరీ మిట్టల ఎత్తు ఇక్కడ అక్కరకొస్తుంది.

మొదటి ఇరవై తూటాల తర్వాత టార్క్ మరోసారి చూడండి, పిల్లర్లు లేని స్టాక్‌లో తప్పకుండా కొంత తగ్గి ఉంటుంది. ఆపైన ఏటా సీజన్‌కు ముందు, జీరో చూడకముందే, కార్డులు దూర్చి సందు చూసుకోండి.